బిల్లు రాని పొయ్యి: హొగేనక్కల్ అడవి అంచున ఇంధన పొదుపుకు పెట్టుబడి చరిత్ర

తమిళనాడులోని ధర్మపురి జిల్లా పెన్నాగరం తాలూకాలో, జిల్లా కేంద్రానికి పడమరగా సుమారు 46 కిలోమీటర్ల దూరంలో, కావేరి రాళ్ల మధ్య పాయలుగా చీలి కిందికి దూకే చోట హొగేనక్కల్ ఉంది. నదికి అవతలి గట్టు కర్ణాటక. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో తమిళంతో పాటు తెలుగు, కన్నడం ఇంటిభాషలుగా ఉన్న కుటుంబాలు చాలాకాలంగా స్థిరపడి ఉన్నాయి. జలపాతం చూడవచ్చిన వారిని పుట్టిలో నది మీద తిప్పడం, నూనె పట్టించి ఒళ్లు మర్దన చేయడం, కావేరి చేప వండిపెట్టడం హొగేనక్కల్ బతుకుతెరువులు. చేపల కూరకూ, చుట్టుపక్కల పల్లెల ఇంటి వంటకూ, నీళ్ల కాగుకూ తరతరాలుగా ఆధారం కట్టెల పొయ్యే.

మామూలు మట్టిపొయ్యి, లేదా మూడు రాళ్ల పొయ్యి, కట్టెలోని వేడిలో దాదాపు పదో వంతును మాత్రమే గిన్నెకు అందిస్తుంది. మిగిలినది గాలిలో, గోడల్లో, పొగలో పోతుంది. ఈ నష్టాన్ని తగ్గించే పొయ్యిలు భారతదేశంలో 1940ల నుంచీ ఉన్నాయి, వాటి ఖరీదూ పెద్దది కాదు. అయినా అవి నిలదొక్కుకోవడం కష్టమైంది. విద్యుత్తు పొదుపు చేసిన ఇంటికి బిల్లు తగ్గుతుంది, తగ్గిన బిల్లు నుంచి కొత్త పరికరం అప్పు తీర్చుకోవచ్చు. అడవిలో ఏరుకొచ్చిన కట్టెకు బిల్లు రాదు. కట్టె మిగిలితే మిగిలేది ఆడవాళ్ల నడక, మెడ మీది బరువు, ఊపిరితిత్తులు. వీటిని ఏ బ్యాంకూ వాయిదాగా జమ కట్టుకోదు. అందువల్ల పొయ్యి మార్చే ఖర్చును ఎప్పుడూ బయటివారు ఎవరో భరించవలసి వచ్చింది. అలా భరించినవారు ఎవరు, ఏ ప్రయోజనం ఆశించి భరించారు అన్నదే ఈ ప్రాంతపు ఇంధన పొదుపు చరిత్రకు వెన్నెముక.

అడవికి ధర పడిన కాలం

మూడో మైసూరు యుద్ధం ముగిశాక 1792లో టిప్పు సుల్తాన్ వదులుకున్న భూభాగాల్లో బారామహల్ ఒకటి. నేటి ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాలు అందులోవే. అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో అక్కడ ఈస్టిండియా కంపెనీ తరఫున భూమిశిస్తు ఏర్పాటు చేశారు. తర్వాత రాయలసీమ దత్తమండలాల్లో కలెక్టరుగా పేరుపొందిన మన్రో రైత్వారీ పద్ధతిలో ఓనమాలు దిద్దుకున్నది ఇక్కడే. అప్పటి లెక్కలు ప్రధానంగా సాగుభూమి చుట్టూ తిరిగాయి. వంటకట్టె లెక్కలోకి రావడానికి ఇంకా సమయం పట్టింది.

కట్టెను పెద్ద ఎత్తున సరుకుగా మార్చినవి ఇనుము, రైలు. జోసయ్య మార్షల్ హీత్ 1830లో పోర్టోనోవోలో పెట్టిన ఇనుప కర్మాగారానికి ముడిరాయి సేలం ప్రాంతం నుంచి వెళ్లేది. కొలిమి నేలబొగ్గు కోసం కాదు, కర్రబొగ్గు కోసం ఆకలిగా ఉండేది. కంపెనీ ప్రభుత్వం ఆయనకు ప్రత్యేక హక్కులూ, అప్పులూ ఇచ్చింది. 1850లలో అదే సంస్థ కొనసాగింపుగా కావేరి ఒడ్డున పూలంపట్టిలోనూ కొలిమి వెలిసింది. ఎంత కర్ర కాలిస్తే ఎంత ఇనుము వస్తుందన్న లెక్కలోనే ఆ పరిశ్రమ లాభనష్టాలు తేలేవి. చవక ఇంగ్లండు ఇనుముతో పోటీ, దూరమైపోతున్న బొగ్గు అడవులు కలిసి దానిని 1870లకల్లా ముగించాయి.

దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా నడిచింది. 1860ల తొలి ఏళ్లలో దారి సేలం దాటి పడమటి తీరానికి చేరింది. బెంగాల్ బొగ్గు ఖరీదు కావడంతో మద్రాసు రైలు ఇంజిన్లు చాలాకాలం కట్టెలే తిన్నాయి. 1856లో మద్రాసు రాష్ట్ర తొలి అడవుల కన్సర్వేటరుగా నియమితుడైన హ్యూ క్లెగ్‌హార్న్ రైలు ఇంధనానికీ, పల్లె అవసరాలకూ మధ్య అడవి నలిగిపోతోందని పదేపదే రాశాడు. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవుల హద్దులు గీశారు, పర్మిట్లు వచ్చాయి, కట్టెల బండికి సీనరేజి అనే సర్కారు రుసుము పడింది. అడవి అంచు పల్లె మొదటిసారి వంటకట్టెకు రుసుమో జరిమానాయో కట్టవలసి వచ్చింది. ఆ ఆదాయం ఖజానాకు వెళ్లింది తప్ప, కట్టె తక్కువ తినే పొయ్యి వైపు మళ్లలేదు. ఇంధనానికి ధర కట్టడం, పొదుపుకు డబ్బు పెట్టడం రెండూ వేరువేరు పనులని ఆ శతాబ్దం చూపించింది.

గొట్టం ఉన్న పొయ్యి

పొయ్యి మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టినది గ్రామీణ పరిశ్రమల ఉద్యమం. 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామోద్యోగ సంఘం వార్ధాలోని మగన్‌వాడీ కేంద్రంగా పనిచేసింది. తమిళనాడుకు చెందిన ఆర్థికవేత్త జె.సి. కుమారప్ప దాని నిర్వాహకుడు. అక్కడ 1947లో రూపొందిన పొయ్యికి మగన్ చుల్హా అని పేరు. ఒకే మంట మీద వరుసగా గిన్నెలు పెట్టుకునే ఏర్పాటు, చివర పొగగొట్టం దాని లక్షణాలు.

తెలుగు నేల మీద ఇదే పని హైదరాబాదులో జరిగింది. హైదరాబాదు ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీకి చెందిన ఎస్.పి. రాజు 1950లలో రూపొందించిన పొయ్యి ఆ సంస్థ ఆంగ్ల అక్షరాల మీద ‘హెర్ల్ చుల్హా’గా ప్రసిద్ధమైంది. లక్షల వంటిళ్లను పొగ నుంచి తప్పించడం గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం మద్రాసులో అచ్చయింది. పొగ, మసి, ఉక్క, కట్టెల వృథా, అగ్నిప్రమాదం అనే అయిదింటి నుంచీ గృహిణికి విముక్తి కావాలని ఆయన వాదన. పొయ్యి సాంకేతిక విషయమే కాక సాంఘిక విషయం కూడా అని ఒక ఇంజనీరు అంత స్పష్టంగా చెప్పడం అప్పటికి కొత్త.

ఈ తరం పొయ్యిలకు పెట్టుబడి ప్రశ్న పెద్దగా తలెత్తలేదు. మట్టి, ఇటుక, కుమ్మరి చేసిన గొట్టం ఊళ్లోనే దొరుకుతాయి, శ్రమ ఇంటివాళ్లది. 1952 అక్టోబరు 2న మొదలైన సామాజిక వికాస పథకం కింద బ్లాకుల్లో పొగలేని పొయ్యిల ప్రదర్శనలు జరిగాయి. నేర్పేవారికి ప్రభుత్వం జీతం ఇచ్చింది, పొయ్యికి ఇవ్వలేదు. చౌకగా వచ్చినది చౌకగానే పాడైంది. గొట్టంలో మసి పేరుకుంటే తీసేవారు లేరు, మట్టి పగిలితే కొలత ప్రకారం మళ్లీ కట్టగల మనిషి ఊళ్లో లేడు. మొదటి ఖర్చు కన్నా మరమ్మతు ఖర్చే అసలు ఖర్చని అప్పుడే తేలింది. అయితే తర్వాతి పథకాలు ఆ పాఠాన్ని చాలాసార్లు మళ్లీ మొదటి నుంచీ నేర్చుకోవలసి వచ్చింది.

చమురు సెస్సు, పేడ గ్యాసు

1973లో ప్రపంచ చమురు ధర ఎగబాకడంతో కిరోసిన్ పొదుపు దేశ ఖజానా వ్యవహారమైంది. కట్టెతో పోలిస్తే ఇక్కడ పరిస్థితి వేరు. కిరోసిన్‌కు బిల్లు ఉంది, దిగుమతి ఉంది, సబ్సిడీ ఉంది. ఆదా అయిన ప్రతి లీటరూ ప్రభుత్వ లెక్కల్లో కనిపిస్తుంది. అందుకే దాని పొదుపుకు స్థిరమైన నిధి ఏర్పడింది. 1974 చట్టంతో ఏర్పడిన చమురు పరిశ్రమ అభివృద్ధి బోర్డుకు దేశీయ ముడిచమురు మీద సెస్సు ఆధారం. 1978లో పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం, అంటే పీసీఆర్‌ఏ, వచ్చింది. ఈ సంఘానికి బోర్డు నిధులు అందేవి. ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం 1977లో రూపొందించిన ‘నూతన్’ వత్తి స్టవ్వు 60 శాతానికి పైగా సామర్థ్యంతో పనిచేసి, బజారులో అప్పటిదాకా ఉన్న స్టవ్వుల కన్నా తక్కువ కిరోసిన్ తాగేది. ఫ్యాక్టరీల్లో పాత బాయిలర్లు మార్చుకునేవారికి తక్కువ వడ్డీ అప్పుల ఏర్పాటూ చమురు రంగం నుంచే వచ్చింది. ఇంధనం అమ్మిన చోటే సొమ్ము వసూలు చేసి, అదే ఇంధనం పొదుపుకు ఖర్చు పెట్టడం ఈ పద్ధతి సారం. కట్టెకు ఇలాంటి బోర్డు ఎన్నడూ లేదు. ఉండడానికి వీలూ లేదు, ఎందుకంటే ఏరుకున్న కట్టె మీద సెస్సు వేయలేరు.

గోబర్ గ్యాసు మధ్యేమార్గం. ఖాదీ గ్రామీణ పరిశ్రమల సంఘం 1960ల ఆరంభం నుంచి తేలే డ్రమ్ము నమూనాను ప్రచారం చేసింది. 1978లో వచ్చిన జనతా నమూనా, 1984 నాటి దీనబంధు నమూనా ఇనుప డ్రమ్ము తీసేసి ఖర్చు తగ్గించాయి. 1981-82లో మొదలైన జాతీయ బయోగ్యాస్ అభివృద్ధి పథకం మూడు వనరులను కలిపింది: కేంద్ర సబ్సిడీ, బ్యాంకు అప్పు, రైతు సొంత వాటా. 1982లో ఏర్పడిన నాబార్డు బ్యాంకులకు తిరుగు రుణం ఇచ్చింది. షెడ్యూల్డు కులాలు, తెగలు, చిన్న రైతులు, కొండ ప్రాంతాలకు సబ్సిడీ ఎక్కువ. కట్టిన మేస్త్రీకీ, పర్యవేక్షించిన సంస్థకూ విడిగా రుసుము చెల్లించేవారు.

ఈ కలయిక పాడి ఉన్న రైతుకు చక్కగా సరిపోయింది. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు మూడు నాలుగు పశువుల పేడ, రోజూ నీళ్లు, పెరట్లో చోటు కావాలి. గ్యాసు పోయాక మిగిలే పేడనీళ్లు పొలానికి ఎరువు కాబట్టి అప్పు తీర్చే దారి కూడా ఉండేది. అడవి అంచున కట్టెల మోపు మీద బతికే కూలి కుటుంబానికి ఈ మూడూ లేవు. సబ్సిడీ శాతం ఎంత పెంచినా, పథకం అడిగే సొంత ఆస్తి లేని చోట అది అందలేదు.

ఒక్కో పొయ్యికి ఇంత

1975లో పరిశోధకుడు ఎరిక్ ఎక్‌హోమ్ వంటకట్టె కొరతను పేదదేశాల మరో ఇంధన సంక్షోభమని ప్రపంచం ముందుంచాడు. తమిళనాడులో 1981 నుంచి స్వీడన్ సహాయంతో సామాజిక అడవుల పథకం సాగింది. చెరువు శిఖాల్లో తుమ్మ నాటడం దానిలో ముఖ్యం. ఇది సరఫరా పెంచే మార్గం. గిరాకీ తగ్గించే మార్గంగా 1983లో జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం ప్రారంభమై 2002 దాకా నడిచింది. ఈ రెండు దశాబ్దాల్లో దేశమంతటా సుమారు మూడున్నర కోట్ల పొయ్యిలు కట్టినట్టు, పంచినట్టు లెక్క.

పని తీరు ఇలా ఉండేది. కేంద్రం వార్షిక లక్ష్యం నిర్ణయిస్తుంది. రాష్ట్ర శాఖలు, స్వచ్ఛంద సంస్థలు దానిని జిల్లాలకు పంచుతాయి. పదిరోజుల శిక్షణ పొందిన స్వయం ఉపాధి కార్మికుడు ఇళ్లలో పొయ్యిలు కట్టి, ఒక్కో పొయ్యికి ఇంత అని కూలి తీసుకుంటాడు. ఖరీదులో సగమో, అంతకు పైనో సబ్సిడీ, మిగిలిన కొద్ది మొత్తం ఇంటివారిది. స్థిరపొయ్యికి కనీసం 20 శాతం, ఎక్కడికైనా తీసుకెళ్లగల పొయ్యికి 25 శాతం సామర్థ్యం ఉండాలని నియమం. రాష్ట్రాల్లోని సాంకేతిక సహాయ కేంద్రాలు నమూనాలను పరీక్షించేవి.

నమూనాల విషయంలో కావేరి అవతలి రాష్ట్రం ముందుంది. బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థలో ఎ.కె.ఎన్. రెడ్డి చొరవతో 1974లో ఏర్పడిన ‘ఆస్త్ర’ విభాగం తుమకూరు జిల్లా పల్లెల్లో ఇంటింటి ఇంధన వాడకాన్ని కొలిచింది. పల్లె ఇంధనంలో అతి పెద్ద వాటా వంటకట్టెదే అని తేల్చి, మూడు గిన్నెల ‘ఆస్త్ర ఒలె’ను రూపొందించింది. పరీక్షల్లో దాని సామర్థ్యం 40 శాతం దాటింది.

పొయ్యి బాగుంది, సొమ్ము నడిచిన దారి బాగాలేదు. కట్టిన పొయ్యికి డబ్బు వచ్చేది, వాడుతున్న పొయ్యికి రాదు. కార్మికుడి లాభం సంఖ్యలో ఉంది కాబట్టి సంఖ్య పెరిగింది. కొలత తప్పిన పొయ్యి, పాత పొయ్యి కన్నా ఎక్కువ కట్టె తిన్న సందర్భాలూ నమోదయ్యాయి. మట్టి పొయ్యి ఆయుష్షు రెండేళ్లు. ఆ తర్వాత మరో పొయ్యికి సబ్సిడీ రాదు, బాగు చేయడానికి కార్మికుడు రాడు. 1990ల మధ్యలో జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి జరిపిన సర్వేలో 71 శాతం పొయ్యిలు పనిచేసే స్థితిలో, 60 శాతం వాడకంలో ఉన్నట్టు తేలింది. 2002లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపి బాధ్యతను రాష్ట్రాలకు వదిలింది. చాలాచోట్ల అది అక్కడితో ఆగిపోయింది.

అటవీశాఖ చేతుల మీదుగా

ధర్మపురి అడవుల్లో కట్టె పొదుపుకు తర్వాతి దాత అటవీశాఖ. జపాన్ రుణంతో 1997లో తమిళనాడు అడవుల పెంపకం పథకం మొదలైంది. 2005లో రెండో దశ వచ్చింది. క్షీణించిన అడవిని ఊరి వారితో కలిసి కాపాడడం దాని పద్ధతి. ఊరూరా గ్రామ అటవీ మండళ్లు ఏర్పడి, అడవి మీద ఆధారపడే కుటుంబాలకు చిన్న అప్పులు ఇచ్చాయి. కట్టెల మోపుకు బదులు పశువు, దుకాణం, కుట్టుమిషను వంటివి బతుకుతెరువు కావాలన్నది ఉద్దేశం. ఇక్కడ పొదుపు కొనుగోలుదారు అడవే. మిగిలిన కట్టె చెట్టుగా నిలబడుతుంది కనుక ఆ ఖర్చు అడవుల పద్దులో న్యాయమని తలచారు.

అదే హొగేనక్కల్‌లో మరో జపాన్ రుణం ఎలా నడిచిందో పోల్చితే తేడా తెలుస్తుంది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల ఫ్లోరైడ్ బాధిత ఊళ్లకు కావేరి నీరు అందించే హొగేనక్కల్ తాగునీటి పథకానికి 2008లో శంకుస్థాపన జరిగింది, 2013లో నీరు అందడం మొదలైంది. నీటికి పైపు ఉంది, కొలత ఉంది, బాధ్యత వహించే బోర్డు ఉంది. అప్పు ఇచ్చినవారికి చూపడానికి ఆస్తి కనిపిస్తుంది. లక్ష వంటిళ్లలో చెదిరి ఉన్న పొయ్యికి ఇవేవీ లేవు.

ఇటీవల అడవి హద్దులు మరింత బిగిశాయి. 2022 నవంబరులో కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల అడవుల్లో 686 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణాన్ని కావేరి దక్షిణ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అడవి చేరువ తగ్గేకొద్దీ కట్టె పొదుపు అవసరం పెరుగుతుంది. ఆ అవసరం భారం మాత్రం కట్టె ఏరే ఇంటి మీదే పడుతుంది.

డిపాజిట్టు, ఆ తర్వాతి సిలిండర్లు

గ్యాసు స్టవ్వు 60 శాతం దాటిన సామర్థ్యంతో మట్టిపొయ్యిని చాలా వెనక్కి నెట్టేస్తుంది. పేద ఇంటికి అడ్డు సిలిండరు డిపాజిట్టు, రెగ్యులేటరు, స్టవ్వు కలిపిన మొదటి ఖర్చు. ఆ ఖర్చును ప్రభుత్వమే భరించే పెద్ద ప్రయత్నం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. 1999 జూలైలో మొదలైన దీపం పథకంలో డ్వాక్రా సంఘాల పేద మహిళల పేరిట 1,000 రూపాయల డిపాజిట్టును రాష్ట్రం కట్టింది. స్టవ్వూ, గ్యాసూ లబ్ధిదారు కొనుక్కోవాలి. తొలి లక్ష్యం 10 లక్షల కనెక్షన్లు. గ్యాసు వచ్చిన ఇంటికి కిరోసిన్ కోటా తగ్గించడం వల్ల ఖర్చులో కొంత మరో పద్దులో తిరిగి వచ్చింది.

కనెక్షన్లు వేగంగా వెళ్లాయి, రీఫిల్లులు వెళ్లలేదు. ప్రపంచ బ్యాంకు పరిశీలనలో దీపం ఇళ్లు చాలావరకు గ్యాసును టీకీ, చుట్టాలొచ్చిన రోజుకూ ఉంచుకుని అన్నం, కూర, నీళ్లు కట్టెల మీదే కాచుకుంటున్నట్టు తేలింది. కూలి డబ్బు రోజువారీ వస్తుంది, సిలిండరు మొత్తం ఒక్కసారే కట్టాలి. ఏరుకొచ్చే కట్టెకు చేతి నుంచి రూపాయి కదలదు.

తమిళనాడులో 2006 శాసనసభ ఎన్నికల వాగ్దానం ప్రకారం 2007 నుంచి పేద కుటుంబాలకు ఉచిత గ్యాసు కనెక్షనుతో పాటు స్టవ్వు కూడా ఇచ్చారు. ధర్మపురి పల్లెలకు గ్యాసు విస్తృతంగా చేరిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. 2009లో కేంద్రం తెచ్చిన రాజీవ్ గాంధీ గ్రామీణ ఎల్‌పీజీ వితరణ్ యోజన కింద చమురు కంపెనీల సామాజిక బాధ్యత నిధుల నుంచి పేదల డిపాజిట్టు కట్టారు. 2016 మే 1న బలియాలో ప్రారంభమైన ప్రధానమంత్రి ఉజ్వల యోజన కనెక్షనుకు 1,600 రూపాయలు కేంద్ర బడ్జెట్టు నుంచి ఇచ్చింది. స్టవ్వూ, మొదటి సిలిండరూ చమురు కంపెనీల అప్పు. ఆ అప్పు తర్వాతి సిలిండర్ల సబ్సిడీ నుంచి జమ అయ్యేది. ఫలితంగా రెండో సిలిండరు నుంచీ పేద ఇల్లే పూర్తి ధర కట్టవలసి వచ్చి వాడకం మందగించింది. 2018 ఏప్రిల్ నుంచి ఆరు రీఫిల్లుల దాకా వసూలు వాయిదా వేశారు. 2019 నాటి కాగ్ నివేదికలో లబ్ధిదారులు ఏడాదికి సగటున మూడు పైచిలుకు సిలిండర్లే వాడినట్టు ఉంది. 2021 ఆగస్టులో మొదలైన రెండో దశలో స్టవ్వూ మొదటి సిలిండరూ ఉచితమయ్యాయి. 2022 మేలో సిలిండరుకు 200, 2023 అక్టోబరు నుంచి 300 రూపాయల సబ్సిడీ ఉజ్వల ఇళ్లకు ప్రకటించారు.

తెలుగు రాష్ట్రాలు 2024లో ఇదే పాఠాన్ని మరోలా చదివాయి. తెలంగాణ ఫిబ్రవరిలో 500 రూపాయలకు సిలిండరు, ఆంధ్రప్రదేశ్ దీపావళి వేళ దీపం-2 పేరుతో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు మొదలుపెట్టాయి. పాతికేళ్లలో డబ్బు కనెక్షను నుంచి రీఫిల్లు వైపు కదిలింది. పరికరం కొనిపెట్టడం ఒకసారి ఖర్చు, ఇంధనం ధర మోయడం ఏటా ఖర్చు. బడ్జెట్టు పద్దుగా రెండోది ఎప్పుడూ బరువైనది.

కట్టె కొనుక్కునే వృత్తులు

ఇంటి పొయ్యికి లేని బిల్లు కొన్ని వృత్తులకు ఉంది, అందుకే అక్కడ అప్పు పనిచేసింది. ధర్మపురి పట్టణంలో ప్రభుత్వ పట్టుగూళ్ల మార్కెట్టు ఉంది. హోసూరు, హిందూపురం, మదనపల్లె, పలమనేరు, రామనగరం ఒకే పట్టు బెల్టులోవి. గూళ్లను ఉడికించి దారం తీసే రీలింగు పొయ్యిలు రోజంతా మండుతూ ఉండాలి. ఆ కట్టె కొనాల్సిందే. 1990లలో ఇంధన పరిశోధన సంస్థ టెరి స్విట్జర్లాండు ప్రభుత్వ సహాయంతో గ్యాసిఫైయర్ పొయ్యిని తయారుచేసింది. కట్టెను ముందు గ్యాసుగా మార్చి మండించడం వల్ల ఖర్చు బాగా తగ్గడమే కాక, సమంగా అందే వేడి వల్ల దారం నాణ్యత పెరిగింది. రీలరుకు లాభం రెండు వైపుల నుంచీ వచ్చింది. కేంద్ర పట్టు మండలి పథకాల్లో కేంద్రం, రాష్ట్రం, లబ్ధిదారు వాటాలతో పరికరాలకు సబ్సిడీ అందేది.

ఆంధ్రలో వర్జీనియా పొగాకు బ్యారన్లదీ ఇదే దారి. బ్యారన్ గదిలో వేడితో ఆకు ఆరబెట్టడానికి వాడే కట్టె లేదా బొగ్గు రైతు పెద్ద ఖర్చుల్లో ఒకటి. 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడిన పొగాకు బోర్డు బ్యారన్ పైకప్పు నుంచి వేడి తప్పించుకుపోకుండా పొరలు వేయించుకోవడాన్ని ప్రోత్సహించింది. బోర్డు దగ్గర రైతు పేరు, బ్యారన్ లైసెన్సు, వేలంలో అమ్మిన ఆకు లెక్క ఉంటాయి. ఇచ్చిన సొమ్ము ఎక్కడ పనిచేసిందో చూడడానికీ, తిరిగి రాబట్టడానికీ ఆ లెక్క చాలు.

హొగేనక్కల్ చేపల పొయ్యిలు ఇంటి పొయ్యికీ, ఈ వృత్తుల పొయ్యిలకూ మధ్య ఉన్నాయి. వండిపెట్టి డబ్బు తీసుకునే వృత్తి కాబట్టి ఇంధన ఖర్చు వారికి తెలుసు. వాణిజ్య 19 కిలోల సిలిండరుకు సబ్సిడీ లేదు. పర్యాటకులు వచ్చే నెలలు, కావేరి వరదతో పుట్టీలు ఆగిపోయే నెలలు వేరు కాబట్టి నెలనెలా వాయిదా కట్టే అప్పు వారి ఆదాయానికి సరిపడదు. అడవి చేరువలో ఉన్నంతకాలం కట్టె వారికి తేలికైన పెట్టుబడిగానే మిగిలింది.

కార్బన్ సొమ్ము

వాతావరణ మార్పుపై క్యోటో ఒప్పందం తర్వాత పొదుపుకు కొత్త కొనుగోలుదారు దొరికాడు: ఉద్గారాలు తగ్గించినట్టు చూపవలసిన దూరదేశపు సంస్థ. తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎక్కువగా ఉన్న కర్ణాటక బాగేపల్లి దీనికి మేలైన ఉదాహరణ. 1977లో అక్కడ పని మొదలుపెట్టిన ఎడాట్స్ సంస్థ, బాగేపల్లి కూలి సంఘం కలిసి అప్పటి కోలారు జిల్లా తాలూకాల్లో 5,500 ఇళ్లకు రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాసు ప్లాంట్లు తలపెట్టాయి. ఆ కార్యక్రమం 2005 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి పరిశుద్ధ అభివృద్ధి యంత్రాంగంలో నమోదైంది. ఆదా అయ్యే కట్టె, కిరోసిన్‌ను బొగ్గుపులుసు వాయువు టన్నులుగా లెక్కించి, ఆ టన్నులకు వచ్చే కార్బన్ పత్రాలు కొనేవారి నుంచి సొమ్ము రాబట్టే ఏర్పాటు ఇది. ప్లాంటు నడిచిన రోజులకే పత్రాలు పుడతాయి కాబట్టి సంఘానికి మరమ్మతు మీద శ్రద్ధ తప్పనిసరి అయింది. కట్టిన పొయ్యికి డబ్బిచ్చిన పాత పద్ధతికి ఇది సరిగ్గా ఎదురు దిశ.

లోపాలు లెక్కలో ఉన్నాయి. ఏ పొయ్యి ఎంత కట్టె మిగిల్చింది, మిగలకపోతే ఆ కట్టె అడవికి నిజంగా నష్టమేనా అన్నవి ఊహలతో తేల్చేవి. 2024 జనవరిలో ‘నేచర్ సస్టైనబిలిటీ’లో అచ్చయిన అధ్యయనం తాను పరిశీలించిన పొయ్యి ప్రాజెక్టులు నిజమైన తగ్గింపు కన్నా తొమ్మిది రెట్లకు పైగా పత్రాలు పుట్టించాయని లెక్కగట్టింది. అలాంటి పత్రాల మీద నమ్మకం సడలితే పల్లెకు చేరే సొమ్ము కూడా సడలుతుంది.

పూర్తిగా బజారుకు వదిలేసిన ప్రయోగమూ జరిగింది. బీపీ సంస్థ భారత విజ్ఞాన సంస్థ సహకారంతో 2006లో ‘ఊర్జా’ పొయ్యిని తెచ్చింది. వ్యవసాయ వ్యర్థాల గుళికలతో మండే ఈ పొయ్యి తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల్లో లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. గుళికల ధర పెరగగానే పొయ్యిలు అటకెక్కాయి. దీపం పథకంలో సిలిండరుకు జరిగినదే ఇక్కడ గుళికకు జరిగింది.

బయటి దేశాల దారి

కొలత లేని ఇంధనానికి పొదుపు నిధి కరువన్నది పేదదేశాల సమస్య మాత్రమే కాదు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఇళ్లను వెచ్చబెట్టుకోవడానికి చమురు, ప్రొపేన్ వాడకం ఎక్కువ. విద్యుత్తు వాడకందార్లు బిల్లులో చిన్న రుసుము కడతారు, ఆ నిధితో వారికి పొదుపు పరికరాలు అందుతాయి. 2000లో వెర్మాంట్‌లో ఏర్పడిన పొదుపు సంస్థ అలా నడిచినదే. ట్యాంకరులో వచ్చే చమురుకు చాలాచోట్ల అలాంటి రుసుము లేదు. 1976 నాటి సమాఖ్య పథకం పేదల ఇళ్ల గోడలకూ కప్పులకూ చలి కాపుదల ఇచ్చింది, కానీ అందరికీ సరిపోలేదు. 2008లో ఆ ప్రాంత రాష్ట్రాలు విద్యుత్ కేంద్రాల కార్బన్ అనుమతులను వేలం వేయడం మొదలుపెట్టాక, వెర్మాంట్ ఆ రాబడిలో భాగాన్ని చమురు, ప్రొపేన్ ఇళ్ల వైపు మళ్లించింది. అంటే ఒక ఇంధనం మీద వసూలు చేసి మరో ఇంధనం వాడేవారికి ఖర్చు పెట్టింది.

భారతదేశంలో ఈ దారి కొత్తదేమీ కాదు. ప్రభుత్వమే ధరలు నిర్ణయిస్తూ 2002 దాకా నడిపిన విధానంలో పెట్రోలు వంటి వాటి అధిక ధరే కిరోసిన్, వంటగ్యాసు రాయితీని మోసింది. ఆ మళ్లింపు ఎక్కువగా ఇంధనాన్ని చౌక చేయడానికే పోయింది, పొయ్యిని మెరుగుపరచడానికి చాలా కొద్దిగా వచ్చింది. 2009లో ఏర్పడిన ప్రభుత్వ రంగ ఇంధన పొదుపు సంస్థ ఈఈఎస్‌ఎల్ 2023 నవంబరులో 20 లక్షల ఇండక్షన్ స్టవ్వుల కార్యక్రమం ప్రకటించింది. టోకున కొని ధర తగ్గించడం, బల్బుల్లో ఫలించిన దాని పద్ధతి. ఇండక్షన్ స్టవ్వుతో వంట మీటరు కిందికి వస్తుంది, పొదుపు బిల్లులో కనిపిస్తుంది, పొదుపు నుంచి పరికరం ఖర్చు రాబట్టే వీలు కలుగుతుంది. కాని ఆ వీలు మొదట అందేది నెలనెలా కరెంటు బిల్లు కట్టగల ఇంటికే.

హొగేనక్కల్ చుట్టూ రెండు శతాబ్దాల్లో పొయ్యి పొదుపుకు డబ్బు వచ్చిన దారులు ఇవి: అడవి రుసుము నుంచి రాలేదు, గ్రామోద్యమం నుంచి శ్రమగా వచ్చింది, కేంద్ర సబ్సిడీగా లక్ష్యాల లెక్కన వచ్చింది, బ్యాంకు అప్పుగా పాడి ఉన్నవారికీ, ఇంధనం కొనే వృత్తులకూ వచ్చింది, జపాన్ రుణంగా అడవి పేరు మీద వచ్చింది, గ్యాసు డిపాజిట్టుగా వచ్చి, చివరికి రీఫిల్లు రాయితీగా మారింది. ఇచ్చినవారు కట్టిన సంఖ్యను చూసిన చోట సంఖ్య పెరిగింది, వాడకాన్ని చూసిన చోట వాడకం నిలిచింది. కట్టె ఏరే ఇంటికి పొదుపు వల్ల చేతిలో రూపాయి మిగలదు కాబట్టి, అప్పు మీద ఆధారపడిన ఏ పద్ధతీ ఆ గడప దాటలేదు. మొదటి ఖర్చుతో పాటు ఏటేటా ఇంధనం, మరమ్మతు ఖర్చును కూడా పంచుకున్న పద్ధతులే అక్కడ కొంతకాలమైనా పొయ్యి మార్చగలిగాయి.